అత్త చేతులు కట్టినదాన్ని, పెద్దల సంరక్షణ ఏ ముఖంతో నేర్పను?

తిరుపతి నుంచి ఒక నర్సింగ్ ట్యూటర్ రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. వృద్ధుల సంరక్షణ పాఠం ఆమెదే. "ఆ పాఠం వచ్చేసరికి పరీక్షలు దగ్గర పడి ఉంటాయి. రెండు క్లాసుల్లో ముగిస్తాను. నోట్సు కూడా నేను చదువుకున్నప్పటిదే" అని దాపరికం లేకుండా రాశారు. భర్తకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. కొడుకు తొమ్మిదో తరగతి. అత్తకు 76 ఏళ్లు. ఆమెది పాకాల దగ్గర పల్లె, మామ పోయాక తిరుపతికి తెచ్చుకున్నారు.

పోయిన కార్తీకంలో అత్త బాత్‌రూములో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మూడో రోజు రాత్రి నుంచి మనిషి మారిపోయారు. వార్డులోకి ఆవులు వచ్చాయన్నారు. చనిపోయిన భర్తను పిలిచారు. సెలైన్ సూది పీకేసి మంచం దిగబోయారు. డ్యూటీలో ఉన్నవాళ్లు నిద్ర ఇంజెక్షన్ ఇచ్చారు. అయినా ఆగలేదు. "చేతులు కట్టేయండి మేడం, మీకు తెలియనిదేముంది" అన్నారు. ఈమె తన చున్నీతోనే అత్త చేతులు రెండూ మంచం కమ్మీలకు కట్టారు. రెండు రాత్రులు అలాగే ఉంచారు. ఇంటికి వచ్చేసరికి నడుము కింద పుండు పడి ఉంది. మానడానికి రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు అత్త వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నారు. మతిమరుపు మాత్రం మిగిలింది. "పగలు బాగానే ఉంటుంది. రాత్రి నేను దుప్పటి కప్పడానికి వంగితే చేతులు రెండూ చీర చెంగు కింద దాచుకుంటుంది. కట్టేస్తావా అని అడుగుతుంది. ఆ మాటకు నాకు ఊపిరి ఆడదు."

ఇదిలా ఉండగా, కాలేజీలో పెద్దల సంరక్షణకు ప్రత్యేకంగా శిక్షణ మొదలుపెడతామని, అందుకు ఈమెను చెన్నైలో ఏడాది డిప్లొమాకు పంపుతామని ప్రిన్సిపాల్ అన్నారు. ఏడాదంతా సగం జీతం, తిరిగొచ్చాక మూడేళ్ల బాండ్. జవాబుకు ఇరవై రోజుల గడువు. భర్త "నీ ఇష్టం" అన్నారు. చిత్తూరులో ఉన్న వదిన, అంటే భర్త అక్క, "ఇంట్లో ముసలామెను వదిలేసి ఊళ్లో ముసలోళ్లకు సేవ నేర్చుకునేదానికి పోతావా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అన్నారు. "వదిన మాటలో తప్పేముంది? నేను వెళ్లాలా, మానాలా? అసలు నాకు ఆ అర్హత ఉందా?" అని ఈమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఆ రాత్రి మీరు చేసింది ఏమిటి, ఇప్పుడు అత్తగారిని ఎవరు చూసుకోవాలి, మీ ఉద్యోగంలో ఏం చేయాలి. మొదటి దానికి శిక్షగా మూడో దాన్ని వదులుకోవాలని మీ మనసు అంటోంది. అందుకే ముందు ఆ రాత్రి గురించే మాట్లాడతాను.

మీ అత్తగారికి వచ్చింది డెలీరియం, అంటే ఉన్నట్టుండి మతి చెదరడం. పేరు మీకు తెలుసు, పరీక్షలో రాసే ఉంటారు. మన పల్లెల్లో పెద్దవాళ్లు "సంధి" అనేవారు, "సంధి మాటలు మాట్లాడుతోంది" అనేవారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది వస్తుంది. గంటల్లో, రోజుల్లో వస్తుంది, రాత్రి పెరుగుతుంది, పొద్దున తగ్గినట్టుంటుంది. అది పిచ్చీ కాదు, మొండితనమూ కాదు. తగ్గని నొప్పి, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, యూరిన్ పైపు, మూత్రంలో ఇన్ఫెక్షన్, కళ్లజోడు ఇంట్లో మరిచిపోవడం, పగలూ రాత్రీ ఒకేలా వెలిగే ట్యూబులైటు, కొన్ని మందులు, వీటిలో మూడు నాలుగు కలిస్తే చాలు. నిద్ర ఇంజెక్షన్లలో కొన్ని రకాలు దాన్ని తగ్గించకపోగా పెంచుతాయి. పెద్దవాళ్లకు ఇవ్వడానికి వెనకాడవలసిన మందులతో 1991లో అమెరికాలో తయారై, ఇప్పటికీ సవరిస్తూ వస్తున్న బీర్స్ జాబితా ఒకటుంది. బెంజోడయాజిపైన్ రకం నిద్ర మందులు అందులో ఉన్నాయి. ఇక చేతులు కట్టడం. భయపడి ఉన్న మనిషికి అది ఇంకా భయం. కట్టినకొద్దీ పెనుగులాడతారు, కదలలేక ఒకే వైపు ఒరిగి ఉంటారు. ఆ పుండు అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు.

ఇవన్నీ చెప్పింది మీ బాధ పెంచడానికి కాదు. ఆ రాత్రి మీలో ప్రేమ తక్కువై అలా చేయలేదు. చేయాల్సిన పని మీకెవరూ చేసి చూపించలేదు. ఆ పని వేరే ఉంది. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో 70 ఏళ్లు దాటిన 852 మంది రోగులపై చేసిన అధ్యయనం ఒకటి ప్రచురించారు. మామూలుగా చూసినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వచ్చింది. రెండో గుంపుకి ఇంకొన్ని పనులు అదనంగా చేశారు. కళ్లజోడు, వినికిడి పరికరం అందించారు, నీళ్లు తాగించారు, త్వరగా లేపి నడిపించారు, రాత్రి గోల తగ్గించి నిద్రపోనిచ్చారు, ఇది ఏ రోజు, ఇది ఏ చోటు అని చెబుతూ ఉన్నారు. వాళ్లలో 9.9 శాతానికే వచ్చింది. కొత్త మందు ఒక్కటి కూడా లేదు. అంతా నర్సు చేయగలిగిన పనే, ఇంటివాళ్లు చేయగలిగిన పనే. మీ నోట్సులో ఇది ఉందా? నా పాత నర్సింగ్ నోట్సులో కూడా లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ అవసరం లేదు, ఒక ముసలి రైతు చేతులు బ్యాండేజీ గుడ్డతో కట్టాను. నైట్ డ్యూటీలో నలభై మంది రోగులకు ఇద్దరం. పొద్దున ఆయనకు తెలివి వచ్చింది. "నేనేం తప్పు చేసినానమ్మా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ముడి విప్పి వచ్చేశాను. ఎన్ని ఏళ్లయినా ఆ గొంతు గుర్తుంది. ఆయనకు జవాబు చెప్పే అవకాశం నాకు మళ్లీ రాలేదు.

మీకు ఉంది. అందుకే మొదట చేయమని అడుగుతున్నది ఇదే. చాలామంది డెలీరియంలో జరిగింది రోగికి గుర్తుండదనుకుంటారు. కొందరికి బాగా గుర్తుంటుంది. మీ అత్తగారికి ఉంది, అందుకే చేతులు దాచుకుంటున్నారు. మతిమరుపు ఉన్న మనిషికి కూడా సంగతి మరుగున పడవచ్చు కానీ భయం ఒంట్లో మిగిలే ఉంటుంది. కాబట్టి పగటి పూట, ఆమె తీరిగ్గా కూర్చున్నప్పుడు, మీరు కింద కూర్చుని చెప్పండి. "అత్తా, ఆ పొద్దు ఆస్పత్రిలో నీ చేతులు కట్టింది నేనే. తెలియక చేసినాను. ఇంకెప్పుడూ కట్టను." అంతే. ఆపరేషన్ గురించి, సిస్టర్లు చెప్పడం గురించి, మీ పరిస్థితి గురించి వివరాలు వద్దు. ఆమె ఏమీ అనకపోవచ్చు, ఏడవవచ్చు, "ఎప్పుడు?" అని అడగవచ్చు. వారం తర్వాత మళ్లీ చేతులు దాచుకుంటే మళ్లీ ఆ మాటే చెప్పండి. రాత్రి ఆ గదిలోకి వెళ్లేటప్పుడు చున్నీ తీసి బయట కొక్కేనికి తగిలించి వెళ్లండి. చిన్న బెడ్‌లైటు వెలిగించి ఉంచండి. దుప్పటి కప్పే ముందు, "నేను, నీ కోడల్ని, దుప్పటి కప్పుతున్నా" అని చెప్పి కప్పండి.

రెండోది, ఆమె మతిమరుపును "వయసు కదా" అని వదిలేయకండి. డెలీరియం తగ్గడానికి కొందరికి నెలలు పడుతుంది. కొందరిలో అప్పటికే లోపల మొదలైన మతిమరుపు జబ్బు దానితో బయటపడుతుంది. చూడాల్సిన మూలాలు ఇంకా ఉన్నాయి. బి12 లోపం, థైరాయిడ్, చెవులు వినపడకపోవడం, దిగులు. ఇంట్లో ఆమె వేసుకునే మందులన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటిది కూడా పెద్దవాళ్ల మతిని మసకబార్చగలదు. పడుకుని లేచాక బీపీ ఎంత పడిపోతోందో కూడా చూపించండి. పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ మూడు నిమిషాల్లో తగ్గితే ఆమె మళ్లీ పడే ప్రమాదం ఉంది. మీరు చెన్నై వెళ్లినా వెళ్లకపోయినా ఈ పని ఆగకూడదు.

ఇక అర్హత సంగతి. మీరు రెండు క్లాసుల్లో పాఠం ముగించడం మీ ఒక్కరి తప్పు కాదు. డాక్టర్లకే వృద్ధుల వైద్యంలో ఎం.డి. మన దేశంలో 1996లో, మద్రాసు మెడికల్ కాలేజీలో మొదలైంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010లో వచ్చింది. జిల్లా ఆస్పత్రుల్లో పెద్దవాళ్లకు పది పడకల వార్డు అన్న మాట దానితోనే వచ్చింది. నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బి.ఎస్సీ. సిలబస్‌లో రెండో అడల్ట్ హెల్త్ నర్సింగ్ పేపరు పేరులోనే వృద్ధుల నర్సింగ్‌ను చేర్చింది. పాఠం పేపరు మీదికి వచ్చింది, చెప్పేవాళ్లను తయారుచేయడం వెనకబడింది. మీ గురువులకు ఎవరూ నేర్పలేదు, వాళ్లు మీకు నేర్పలేదు, మీరు నేర్పకపోతే మీ దగ్గర చదివిన పిల్లలు రేపు వార్డులో ఇంకో కోడలితో "కట్టేయండి మేడం" అంటారు. ఆ మాట అన్న సిస్టర్ కూడా ఎక్కడో ఒక కాలేజీలో మనలాంటి వాళ్ల దగ్గర చదివిన అమ్మాయే కదా.

మన ఊరికి ఈ విషయం కొత్త కూడా కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆచార్య పి.వి. రామమూర్తి వృద్ధాప్యంపై పరిశోధన కేంద్రాన్ని నడిపారు. దేశంలో ఈ విషయం మీద ముందుగా పనిచేసినవాళ్లలో ఆయన ఒకరు. మీరు బస్సులో రోజూ చూసే ఆ యూనివర్సిటీలోనే జరిగిన పని అది. అక్కడి లైబ్రరీలో ఒక రోజు కూర్చోండి, చెన్నై వెళ్లే ముందు మీకు చాలా ధైర్యం వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ప్రతిదానికీ ఖర్చు ఉంది, అది కూడా చెబుతాను.

ఏడాది డిప్లొమాకు వెళ్లడం ఒక దారి. రిజిస్టర్డ్ నర్సులకు వృద్ధుల నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించినదే. అందులో ఎక్కువ కాలం వార్డులోనే గడుస్తుంది. దాని విలువ అదే. డెలీరియం గురించి పుస్తకంలో చదవడం వేరు, రాత్రి రెండు గంటలకు పక్కన కూర్చుని ఒక ముసలాయన్ని కట్టకుండా, మత్తు లేకుండా నెమ్మదింపజేయడం వేరు. అది చేతులకు రావాలి, చూసి చేసి రావాలి. వచ్చాక మీరు చెప్పే పాఠం మారిపోతుంది. కానీ సంతకం చేసే ముందు కొన్ని సంగతులు రాతలో తీసుకోండి. ఆ సంస్థ కోర్సుకు ఈ సంవత్సరానికి కౌన్సిల్ గుర్తింపు ఉందా? ఆ ఏడాదిని మీ సర్వీసులో కలుపుతారా? మూడేళ్ల బాండ్‌లో మీకు ఏ పని ఇస్తారు? ఇది తప్పక అడగండి. శిక్షణకు పంపి, తిరిగొచ్చిన మనిషిని ఖాళీ ఉందని మెటర్నిటీ వార్డు పోస్టింగ్‌లో వేసిన చోటు నాకు తెలుసు. రెండేళ్లకు ఆమె నేర్చుకున్నదంతా వాడకం లేక జారిపోయింది. విద్యార్థులను పోస్టింగ్‌కు పంపడానికి పెద్దవాళ్ల వార్డుగానీ, వృద్ధాశ్రమంగానీ కాలేజీ మాట్లాడిందా? అది లేకపోతే మీరు నేర్చుకొచ్చేది మళ్లీ బ్లాక్‌బోర్డు మీదే ఆగిపోతుంది. ఒక మనవి కూడా చేయండి. వృద్ధుల సంరక్షణ ఒక్క నర్సుతో అయ్యేది కాదు. డాక్టరు, ఫిజియోథెరపిస్టు కలిసి రావాలి. ఎం.బి.బి.ఎస్. చదివినవాళ్లకు ఇగ్నోలో వృద్ధుల వైద్యంలో పీజీ డిప్లొమా ఉంది. మీ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆస్పత్రి నుంచి ఒక డాక్టరును దానికి పంపమనండి.

ఈ దారికి మీ ఇంటి మీద పడే ఖర్చు మీకు తెలుసు. సగం జీతం. తొమ్మిదో తరగతి పిల్లవాడు, మీరు కోర్సులో ఉండగానే పదో తరగతి మొదలవుతుంది. అత్తగారి సంగతి విడిగా మాట్లాడుకుందాం.

తక్కువ రోజుల శిక్షణతో ఇక్కడే మొదలుపెట్టడం ఇంకో దారి. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ పెద్దల సంరక్షణలో తక్కువ కాలం కోర్సులు నడుపుతూ వచ్చింది. వేలూరు సి.ఎం.సి.లో వృద్ధుల వైద్య విభాగం ఉంది. మన తిరుపతి, చిత్తూరు వైపువాళ్లకు వేలూరు అంటే పక్క ఊరి లెక్కే కదా. కొన్ని వారాలు వచ్చి చూసి నేర్చుకోవడానికి వీలుంటుందా అని కాలేజీ తరఫున ఉత్తరం రాయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పెద్దల సంరక్షణ మీద ఐకోప్ పేరుతో తెచ్చిన కరదీపిక ఉచితంగా దొరుకుతుంది. నడక, పోషణ, చూపు, వినికిడి, మతి, మనసు, ఈ ఆరింటినీ ఊళ్లో ఆరోగ్య కార్యకర్త కూడా ఎలా పరీక్షించవచ్చో అందులో ఉంది. ఈ దారిలో మీరు ఇల్లు వదలక్కర్లేదు, వచ్చే బ్యాచ్‌కే పాఠం మారుతుంది. నష్టం ఏమిటంటే మీ సర్టిఫికెట్ బరువు తక్కువ. పైగా "మేడం ట్రైనింగ్ అయిపోయింది" అని కాలేజీ చేతులు దులుపుకునే వీలుంది.

ఏడాది ఆగి వెళ్తానని అడగవచ్చు. ఒప్పుకుంటే మంచిదే. కానీ ఆ ఏడాదిలో ఏం జరగాలని ఆగుతున్నారో స్పష్టంగా రాసుకోండి. అత్తగారి మందులు సరిచేయడం, ఇంట్లో మనిషిని కుదుర్చుకోవడం లాంటివైతే సరే. "అత్త సంగతి తేలాక" అని మనసులో ఉంటే మాత్రం వద్దు. ఆ ఎదురుచూపు మీ ఇద్దరినీ నలిపేస్తుంది. 76 ఏళ్ల మనిషి ఇంకో పదిహేనేళ్లు ఉండవచ్చు, ఉండాలి.

అసలు వెళ్లకపోవడం కూడా తప్పు కాదు. పాప పరిహారంగా మాత్రం మానకండి. దానివల్ల అత్తగారికి ఏ మేలూ లేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ఆరు పేజీల్లో మీ భర్త మాట్లాడింది రెండే మాటలు. "నీ ఇష్టం." అది వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ ఆ రెండు మాటలతో మొత్తం మోత మళ్లీ మీ తల మీదికే వచ్చింది. ఆమె ఆయన తల్లి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా బాధ్యత పెట్టింది కొడుకు, కూతురు, మనవడు, మనవరాలి మీద. ఆ నిర్వచనంలో కోడలి పేరు రాయలేదు. చట్టం చూపించి ఇంట్లో వాదించమని కాదు నేను చెప్పేది. మీరు ఒంటరిగా మోస్తున్నది మీ ఒక్కరిదీ కాదని మీరు గుర్తించాలని చెబుతున్నా. ఆయన్ను అడగాల్సిన ప్రశ్న "నేను వెళ్లనా?" కాదు. "నేను లేనప్పుడు రాత్రి అమ్మను బాత్‌రూముకు ఎవరు తీసుకెళ్తారు? స్నానం ఎవరు చేయిస్తారు? అంగడికి వెళ్లినప్పుడు ఎవరుంటారు?" అని అడగండి. కొడుకు తల్లికి స్నానం చేయించడం మన ఇళ్లలో ఇబ్బందే, ఆమె ఒప్పుకోకపోవచ్చు. అందుకు ఒక ఆడమనిషిని పెట్టుకోవాలి, ఆ డబ్బు సగం జీతంలోంచి ఎలా వస్తుందో లెక్క వేయాలి. ఆ లెక్క కుదరకపోతే మొదటి దారి మూసుకుపోయినట్టే, అందులో మీ తప్పేం లేదు.

వదినగారి మాట మిమ్మల్ని బాగా కోసింది. ఆమె తల్లి గురించి ఆమెకు భయం ఉంది, ఆ భయం నిజమే. దాన్ని మీ మీద వేయడం మాత్రం అన్యాయం. మీరు గొడవకు దిగకుండా, "వదినా, నువ్వు చెప్పింది ఆలోచిస్తున్నా. నేను వెళ్తే అత్తను నీ దగ్గర ఏ నెలలు పెట్టుకోగలవు?" అని అడగండి. చిత్తూరు తిరుపతికి దూరం కాదు. పెట్టుకోగలనంటే ఆమె కూడా సాయం. లేనంటే తనకెంత కష్టమో ఆమెకే తెలిసి వస్తుంది, మీ కష్టమూ తెలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మతిమరుపు ఉన్నవాళ్లను నెలకో ఇంటికి మారిస్తే అయోమయం పెరుగుతుంది. మారిస్తే ఎక్కువ కాలానికి మార్చండి. ఆమె మంచం, ఆమె దుప్పటి, ఆమె దేవుడి పటం వెంట పంపండి.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్రిన్సిపాల్ ఏమన్నారో ఉంది, భర్త ఏమన్నారో ఉంది, వదిన ఏమన్నారో ఉంది. మీ అత్తగారిని ఎవరైనా అడిగారా? ఆ ముక్క ఎక్కడా లేదు. అమెరికాలో 2017 నుంచి ఆస్పత్రుల్లో పెద్దల సంరక్షణను నాలుగు విషయాల చుట్టూ అల్లుతున్నారు. మందులు, మతి, కదలిక మూడు. ఆ మూడింటికీ ముందు పెట్టింది, ఈ మనిషికి ఏది ముఖ్యం అన్నది. మీరు చెన్నైలో మొదటి వారంలో నేర్చుకునే పాఠం ఇదే అయి ఉంటుంది, దాన్ని ఇంట్లోనే ఈ వారం మొదలుపెట్టండి. "అత్తా, నేను చదువుకునేదానికి కొన్నాళ్లు చెన్నైకి పోవాలంటున్నారు. నీకెట్ల ఉంటుంది? నువ్వు ఎక్కడ ఉంటావు?" అని అడగండి. పొద్దున, ఆమె తేటగా ఉన్నప్పుడు. ఒకటికి రెండు రోజులు అడగండి, జవాబు మారుతుందేమో చూడండి. పాకాల దగ్గర తన పల్లెలో కొన్నాళ్లు ఉండాలని ఆమెకు ఉందేమో. కొడుకు చేతి సంగటి చాలంటారేమో. మీరు పోవద్దని ఏడుస్తారేమో. ఏడ్చినంత మాత్రాన మీరు మానాల్సిందే అని కాదు. కానీ అది వినకుండా తీసుకునే నిర్ణయం, అటైనా ఇటైనా, ఆమె చేతులు మళ్లీ కట్టినట్టే అవుతుంది.

వెళ్లాలని తేలితే రెండు వారాలు ముందే ప్రయోగం చేయండి. మీరు ఇంట్లోనే ఉండండి, కానీ పనులన్నీ మీరు లేనట్టే జరగనివ్వండి. రాత్రి భర్త లేవాలి, పగలు కొత్త మనిషి చూడాలి. ఎక్కడ తప్పుతోందో అప్పుడే తెలుస్తుంది.

చివరగా, "ఏ ముఖంతో" అన్నారు. ఆ ముఖంతోనే నేర్పండి. మీ క్లాసులో పిల్లలకు కళ్లజోళ్ల మీద వాజిలిన్ పూసి పెట్టండి, చెవుల్లో దూది, బూట్లలో నాలుగు శనగలు, వేళ్లకు ప్లాస్టరు చుట్టి, మాత్రల షీటులోంచి ఒక్క మాత్ర తీయమనండి, ఫారం నింపి సంతకం పెట్టమనండి. పక్కన ఒకరిని నిలబెట్టి "త్వరగా అవ్వా, లైన్లో జనం ఉన్నారు" అని అరిపించండి. ఇరవై ఏళ్ల అమ్మాయికి చేతులు వణకడం మీరే చూస్తారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో కొలవడం నేర్పండి. 12 సెకన్లు, అంతకు మించితే పడే ప్రమాదం ఉన్నట్టు. "పదకొండో బెడ్డు" అనకుండా పేరుతో పిలవడం నేర్పండి. పెద్దవాళ్లంటే జబ్బే అనుకోకుండా, అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే డెబ్బై ఏళ్ల అవ్వను కూడా ఒక ఆదివారం వెళ్లి చూసి రమ్మనండి. రిటైరైన మాస్టారు ఒకరిని క్లాసుకు పిలిచి పాఠం ఆయన్నే చెప్పమనండి, ముసలితనం గురించి ఆయనకంటే మీకూ నాకూ ఏం తెలుసు?

మీ చున్నీ సంగతి పిల్లలకు చెప్పాలా? చెబితే వాళ్లు జన్మలో మర్చిపోరు. కానీ అది మీ ఒక్కరి కథ కాదు, అత్తగారిది కూడా. ఆమెకు అర్థమయ్యేలా అడిగి, ఆమె సరేనంటేనే చెప్పండి. లేదంటే నా ముసలి రైతు కథ ఉంది, దాన్ని వాడుకోండి.

ప్రిన్సిపాల్‌కు ఇరవై రోజుల్లో జవాబు ఇవ్వాలన్నారు. మందుల సంచితో డాక్టరు దగ్గరికి వెళ్లడం, అత్తగారితో మాట్లాడడం, భర్తతో లెక్క వేయడం, వదినకు ఫోను, కాలేజీ నుంచి బాండ్ కాగితం, ఇవన్నీ ఆ ఇరవై రోజుల్లో తెమలకపోవచ్చు. ఇంకో పది రోజులు అడగండి. పదకొండేళ్లు పనిచేసిన మనిషికి పది రోజులు ఇవ్వని కాలేజీ, మూడేళ్ల బాండ్‌లో మాట నిలబెట్టుకుంటుందా లేదా అన్నది కూడా అప్పుడే తెలిసిపోతుంది.